ఇంటూ నొక్కితే బయటికొచ్చినట్టు కాదు

ఓ మోస్తరు ఆడిటర్ ఆఫీసు అనుకోండి. విజయవాడ గవర్నర్‌పేటలోనో, హనుమకొండలోనో. పదిమందికి పైగా స్టాఫ్, అందరికీ కలిపి ఒకే ఒక్క విండోస్ సర్వర్. టాలీ, ఎక్సెల్, రిటర్నుల సాఫ్ట్‌వేర్ అన్నీ అందులోనే నడుస్తాయి. బల్లల మీదున్న కంప్యూటర్లు రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఆ సర్వర్ తెరను చూపించడానికే. నెలనెలా 20వ తేదీ, అంటే జీఎస్‌టీ 3బి గడువు, దగ్గరపడేసరికి 'సర్వర్ స్లో' అన్న మాట మొదలవుతుంది. మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు ఐటీ కుర్రాడొచ్చి నల్ల తెర తెరిచి 'క్వెరీ యూజర్' అని కొడతాడు. పదకొండు పేర్లొస్తాయి. వాటిలో 'యాక్టివ్' అని ఉన్నవి నాలుగే. మిగిలిన ఏడింటి ఎదురుగా 'డిస్క్' అని, అంటే డిస్‌కనెక్ట్ అయినట్టు, ఉంటుంది. అందులో ఒకాయన వరుసలో ఐడిల్ టైమ్ గడిలో 3+14:22 అని కనిపిస్తుంది. ఆయన మౌస్ కదిపి మూడు రోజుల పద్నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలైందన్నమాట. మనిషి శుక్రవారం సాయంత్రం ఆరు దాటగానే ఇంటికెళ్లిపోయాడు. సర్వర్ లెక్కలో మాత్రం ఇంకా సీటు దిగలేదు.

వెళ్లేముందు ఆయన చేసిందల్లా తెర పైభాగంలోని పట్టీలో ఇంటూ గుర్తు నొక్కడమే. అప్పుడొక చిన్న పెట్టె వచ్చి, మీ ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి, మళ్లీ లాగిన్ అయితే ఇక్కడి నుంచే కొనసాగించవచ్చని చెప్పింది. చదివేదెవరు? 'ఈ సందేశం మళ్లీ చూపించొద్దు' అన్న గడిలో ఏనాడో టిక్కు పెట్టేసి ఉంటారు.

ఆ నల్ల తెర పట్టికను ఇంకొంచెం దగ్గరగా చూడండి. యాక్టివ్‌గా ఉన్నవాళ్లకు 'సెషన్‌నేమ్' కాలమ్‌లో ఆర్డీపీ-టీసీపీ అనీ, ఒక హాష్ గుర్తూ, ఒక అంకే ఉంటాయి. డిస్క్ అని ఉన్నవాళ్లకు ఆ గడి ఖాళీ. ఐడీ నంబరు మాత్రం ఇద్దరికీ ఉంది. ఎందుకంటే సర్వర్ ఇక్కడ రెండు వేర్వేరు లెక్కలు రాస్తోంది. మొదటిది కనెక్షన్. మామూలుగా 3389 పోర్టు గుండా నడిచే ఈ దారి తెర మీది బొమ్మను మన దగ్గరికి పంపుతుంది, మన కీబోర్డు, మౌస్ కదలికలను సర్వర్‌కు చేరుస్తుంది. రెండోది సెషన్. మన పేరు మీద సర్వర్ మెమరీలో నిలిచి ఉన్న వ్యవహారమంతా ఇదే: లాగిన్ చూసుకునే విన్‌లాగాన్, డెస్క్‌టాప్ చూపించే ఎక్స్‌ప్లోరర్, మనం తెరిచిన ప్రోగ్రాములు, మన క్లిప్‌బోర్డు, మన రిజిస్ట్రీ భాగం. ఇవన్నీ ఒక నంబరు కింద పక్కవాడి వాటితో కలవకుండా విడిగా ఉంటాయి. సున్నా నంబరు సెషన్ మనుషులది కాదు. విండోస్ విస్టా నుంచి దాన్ని సర్వీసులకే వదిలేశారు. మనుషుల నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి.

డిస్‌కనెక్ట్ చేస్తే దారి పోతుంది, సెషన్ ఉంటుంది. లాగాఫ్ చేస్తే (ఇప్పటి విండోస్‌లో దాన్నే సైన్ అవుట్ అంటున్నారు) సెషనే పోతుంది.

డిస్‌కనెక్ట్ అయిన సెషన్ నిద్రపోదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే ప్రాసెసర్ ఆగుతుంది, ప్రోగ్రాములు ఉన్నచోటే నిలిచిపోతాయి. ఇక్కడ అలా కాదు. గంటసేపు పట్టే ఎక్సెల్ మాక్రో మొదలుపెట్టి ఇంటూ నొక్కి వెళ్లిపోతే అది పూర్తయ్యేదాకా నడుస్తుంది. బ్రౌజర్‌లో ఏదో వార్తల సైటు తెరిచి వదిలేస్తే అందులోని ప్రకటనలు కూడా రాత్రంతా నడుస్తూ ప్రాసెసర్‌ను తింటాయి. ఆగిపోయేది ఒక్కటే: బొమ్మ గీయడం. చూసేవాడు లేనప్పుడు తెర గీసి ప్రయోజనం లేదు కాబట్టి సర్వర్ అసలు డిస్‌ప్లే డ్రైవర్‌ను పక్కన పెట్టి, ఎవరికీ ఏమీ చూపించని డమ్మీ డ్రైవర్‌ను సెషన్‌కు తగిలిస్తుంది.

ఈ సంగతి హైదరాబాద్‌లో ఆటోమేషన్ పనులు చేసేవాళ్లకు బాగా తెలుసు. ఒక స్క్రిప్టు తెర మీద బటన్లు వెతికి నొక్కుతూ వందల ఇన్‌వాయిస్‌లు ఎక్కించాలి. సాయంత్రం పరీక్షిస్తే చక్కగా నడుస్తుంది. రాత్రికి మొదలుపెట్టి ఇంటూ నొక్కి వెళ్తారు. పొద్దున్న చూస్తే మొదటి ఇన్‌వాయిస్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, అది తీసుకున్న స్క్రీన్‌షాట్ చూస్తే కటిక నలుపు. స్క్రిప్టు నడుస్తూనే ఉంది, కానీ అది వెతికే బటన్ ఎక్కడా గీయబడలేదు. ఎక్సెల్ మాక్రోకు కళ్లతో పని లేదు కాబట్టి బతికింది, దీనికి కళ్లే ఆధారం. దీనికి 'టీఎస్‌కాన్' అనే ఆదేశంతో సెషన్‌ను సర్వర్ సొంత తెరకు, అంటే కన్సోల్‌కు, మళ్లించే చిట్కా ఒకటి చాలాచోట్ల వాడతారు. పని జరుగుతుంది. కాకపోతే ఆ కన్సోల్ ముందు ఎవరు కూర్చున్నా లాక్ లేని డెస్క్‌టాప్ కనిపిస్తుంది. నన్నడిగితే ఆ చిట్కా కంటే తెరతో పని లేని స్క్రిప్టు రాసుకోవడం మేలు.

డిస్‌కనెక్ట్‌తో తెగేది ఇంకొకటి ఉంది. సర్వర్‌లో ఉండి మన కంప్యూటర్ డ్రైవులోకి ఫైలు కాపీ చేస్తున్నామనుకోండి, ఆ కాపీ నడిచేది కూడా అదే కనెక్షన్‌లోని ఒక పాయలో. దారి తెగితే కాపీ సగంలో ఆగుతుంది. సర్వర్ లోపలే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కాపీ అయితే ఏ ఢోకా లేదు.

లాగాఫ్ కథ వేరు. ముందు తెరిచి ఉన్న ప్రతి ప్రోగ్రామునూ విండోస్ అడుగుతుంది, మూసేస్తున్నాను, అభ్యంతరమా అని. అభ్యంతరం ఉంటే ప్రోగ్రాము 'సేవ్ చేయాలా' అని మనల్ని అడుగుతుంది. అది తేలాక ప్రోగ్రాములు మూతపడతాయి, రిజిస్ట్రీలోని మన భాగం డిస్కు మీదికి చేరుతుంది. రోమింగ్ ప్రొఫైల్ వాడే ఆఫీసుల్లో డెస్క్‌టాప్ మీద మార్చినవన్నీ ఫైల్ సర్వర్‌కు తిరిగి వెళ్లేది ఈ ఘడియలోనే. వారాల తరబడి లాగాఫ్ కాని మనిషి ప్రొఫైల్ వారాల పాతదిగా ఉంటుంది. ఇంకో సర్వర్‌లోకి వెళ్తే 'నా ఫైళ్లు ఏవీ' అంటాడు. టెంప్ ఫోల్డర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ సర్వర్లలో ఒక్కో సెషన్‌కు దాని నంబరుతో టెంప్ ఫోల్డర్ తయారవుతుంది, మార్చకపోతే లాగాఫ్‌తో అది తుడిచిపెట్టుకుపోతుంది. మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్‌ను నేరుగా తెరిచి, మార్పులు చేసి, అక్కడికక్కడే సేవ్ కొట్టేవాళ్లు ఉంటారు. డిస్‌కనెక్ట్ అయినన్నాళ్లూ అది భద్రంగానే ఉంటుంది. లాగాఫ్ అయ్యాక వెతుక్కోవాల్సిందే.

అలాంటప్పుడు ఇంటూ గుర్తుకు లాగాఫ్ అనే అర్థమే పెట్టి ఉండాల్సింది కదా, ఎందుకు పెట్టలేదు? దీనికి జవాబు విండోస్ కంటే పాతది. ఒకే పెద్ద కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి వాడుకునే పద్ధతిని ఫెర్నాండో కొర్బాతో బృందం ఎంఐటీలో 1961లో చేసి చూపించింది. టెలిఫోన్ తీగ మీద టెర్మినల్ తగిలించి పని చేసే రోజులొచ్చాక ఒక చిక్కు ప్రశ్న ఎదురైంది. తీగ తెగితే పని బతకాలా, చావాలా? యూనిక్స్ చావాలంది. ఫోన్ పెట్టేస్తే ఆ టెర్మినల్ మీద నడిచే ప్రోగ్రాములన్నిటికీ 'హ్యాంగప్' సంకేతం వెళ్తుంది, వేరే ఏర్పాటు చేసుకోని ప్రోగ్రాము ఆ సంకేతానికి ప్రాణం వదులుతుంది. రాత్రంతా నడవాల్సిన లెక్కలను కాపాడుకోడానికి 'నోహప్' అనే ఆదేశం అందుకే పుట్టింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ పీడీపీ-10 యంత్రాల్లో మాత్రం 'డిటాచ్', 'అటాచ్' అనే ఆదేశాలు విడిగా ఉండేవి. పనిని వదిలి వెళ్లొచ్చు, వేరే టెర్మినల్ దగ్గర కూర్చుని మళ్లీ అందుకోవచ్చు. పూర్తిగా ముగించడానికి వేరే ఆదేశం: 'కేజాబ్'. అంటే జాబ్‌ను చంపడం. పేరులో ఏ మొహమాటమూ పెట్టుకోలేదు.

యూనిక్స్ వాళ్లకూ ఆ సౌకర్యం కావాలనిపించింది. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒలివర్ లౌమన్, కార్‌స్టెన్ బోర్మన్ 1987లో 'స్క్రీన్' అనే ప్రోగ్రాము రాశారు. తర్వాత 2007లో 'టీమక్స్' వచ్చింది. ఈ రెండూ తీగకూ పనికీ నడుమ నిలబడి, తీగ తెగిన సంగతి పనికి తెలియకుండా దాచేస్తాయి. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన సన్ రే టెర్మినళ్లు ఇంకా ముచ్చటైనవి. స్మార్ట్‌కార్డు బయటికి లాగితే తెర ఖాళీ. అదే కార్డు ఇంకో గదిలోని టెర్మినల్‌లో పెడితే సగం టైపు చేసిన వాక్యంతో సహా డెస్క్‌టాప్ అక్కడ ప్రత్యక్షం.

విండోస్‌కు ఈ విద్య బయటి నుంచి వచ్చింది. ఐబీఎం వదిలి వచ్చిన ఎడ్ ఇయకోబుచి 1989లో సిట్రిక్స్ పెట్టాడు. ఆ కంపెనీ విండోస్ ఎన్‌టీని అనేకమంది ఒకేసారి వాడుకునేలా మార్చి 1995లో విన్‌ఫ్రేమ్ పేరుతో అమ్మింది. 1997లో మైక్రోసాఫ్ట్ ఆ సాంకేతికతకు లైసెన్సు తీసుకుని, మరుసటేడు ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్ తెచ్చింది. మోడెములు మాటిమాటికీ తెగిపోయే ఆ రోజుల్లో, తెగినప్పుడల్లా పని పోయే సర్వర్‌ను ఎవరు కొంటారు? దారి తెగినా సెషన్ నిలవాలి. ఒకసారి అలా కట్టాక, కావాలని ఇంటూ నొక్కినా, వాన పడి లైను పోయినా సర్వర్‌కు రెండూ ఒకటే అయ్యాయి.

నిజానికి లైను పోతే ఆ కబురు సర్వర్‌కు వెంటనే అందదు కూడా. ఇంటూ నొక్కినప్పుడు వెళ్తున్నానన్న మాట చేరుతుంది. కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసి, రౌటర్ ఆరిపోతే ఆ మాట చెప్పే నాథుడే ఉండడు. అవతలివాడు ఉన్నాడా అని టీసీపీ తనంతట తాను ఆరా తీయడానికి విండోస్‌లో మామూలుగా పెట్టిన గడువు రెండు గంటలు. రిమోట్ డెస్క్‌టాప్‌లో దీనికోసం విడిగా కీప్-అలైవ్ విరామం పెట్టుకునే వీలుంది, పెట్టుకోకపోతే పట్టికలో ఆ మనిషి యాక్టివ్‌గానే కనిపిస్తూ ఉండొచ్చు. ఇటువైపు మన ప్రోగ్రాము మాత్రం ఇరవైసార్ల దాకా మళ్లీ కలవడానికి ప్రయత్నిస్తుంది. కరెంటు వచ్చి మళ్లీ లాగిన్ అయితే, ఒక మనిషికి ఒకే సెషన్ అన్న నియమం అమల్లో ఉన్నచోట, పాత సెషన్ యథాతథంగా చేతికొస్తుంది. రాత్రి పదింటికి రిటర్ను సగంలో ఉండగా కరెంటు పోయినవాళ్లకు ఈ ఏర్పాటు విలువ తెలుసు. అందుకే డిస్‌కనెక్ట్‌ను తిట్టిపోసే అడ్మిన్లతో నేను పూర్తిగా ఏకీభవించలేను.

వాళ్ల గోడుకూ కారణాలున్నాయి. మొదటిది మెమరీ. ఒక్కో సెషన్ ఒక జీబీ తింటోందనుకుంటే ఏడు డిస్క్ సెషన్లు ఏడు జీబీలు. 16 జీబీ సర్వర్‌లో అది చిన్న మాట కాదు. రెండోది ఫైలు తాళాలు. ఎక్సెల్ ఫైలు తెరవగానే అదే ఫోల్డర్‌లో తరంగం గుర్తు, డాలర్ గుర్తులతో మొదలయ్యే కంటికి కనిపించని చిన్న ఫైలు తయారవుతుంది. తెరిచినవారి పేరు అందులో ఉంటుంది. శుక్రవారం వెళ్లినాయన ఆ ఫైలు మూయలేదు కాబట్టి మంగళవారం కూడా మిగతావాళ్లకు 'ఫలానా వారు వాడుతున్నారు, చదవడానికి మాత్రమే తెరవగలరు' అన్న మాటే వస్తుంది. ఆయనకు ఫోన్ చేస్తే 'నేను ఇంట్లో ఉన్నానండీ, అన్నీ మూసేసే వచ్చాను' అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు పాపం, ఆయన తెర మీద అన్నీ మూతపడినట్టే కనిపించాయి.

సీట్ల గొడవ వీటన్నిటికంటే పాతది. టెర్మినల్ లైసెన్సులు కొనకుండా, నిర్వహణ కోసం మాత్రమే వాడే విండోస్ సర్వర్‌లోకి ఒకేసారి ఇద్దరికే ప్రవేశం. సర్వర్ 2003 రోజుల్లో డిస్‌కనెక్ట్ అయినవాళ్లు కూడా ఆ ఇద్దరి లెక్కలోకే వచ్చేవారు. కిటికీలోంచి కర్చీఫ్ వేసి బస్సు సీటు ఆపి, మనిషి మాత్రం ఎక్కకుండా టీ కొట్టు దగ్గరే ఉండిపోయిన చందం. మూడోవాడు లాగిన్ కాబోతే గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య దాటిందని చెప్పి తలుపు మూసేసేది. అమెరికా క్లయింట్ల సర్వర్లు చూసుకునే టీముల్లో 'సర్వర్‌లో ఎవరైనా ఉన్నారా, కాస్త లాగాఫ్ అవుతారా ప్లీజ్' అనే గ్రూపు మెసేజ్‌తో రాత్రి షిఫ్టు మొదలైన కాలం అది. ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. సెషన్ వదిలేస్తే రిమోట్ డెస్క్‌టాప్ క్లయింట్ లైసెన్సు వృథా అవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ లైసెన్సులు మనిషికో యంత్రానికో ఇచ్చేవి, ఒకే సమయంలో ఎంతమంది ఉన్నారన్న లెక్కతో వాటికి సంబంధం లేదు. నిజంగా ఇరుక్కుపోయేవి క్యాడ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఒకరి తర్వాత ఒకరు వాడుకునే ఫ్లోటింగ్ లైసెన్సులు.

పాస్‌వర్డు ఎపిసోడ్ మరీ విచిత్రంగా ఉంటుంది. మనిషి సోమవారం పాస్‌వర్డు మార్చుకుంటాడు. పదిహేను నిమిషాల్లో అకౌంటు లాక్. అడ్మిన్ తెరుస్తాడు, మళ్లీ లాక్. ఎవరో హ్యాక్ చేస్తున్నారని అందరికీ అనుమానం. చూడబోతే ఎక్కడో మూలనున్న సర్వర్‌లో ఆయనదే పాత డిస్క్ సెషన్ ఒకటి ఉంటుంది. అందులోని ఏదో ప్రోగ్రాము నెట్‌వర్క్ ఫోల్డర్ కోసమో, మెయిల్ కోసమో పాత పాస్‌వర్డుతోనే తలుపు తడుతూ ఉంటుంది. అకౌంట్లు ఇలా లాక్ కావడానికి మామూలు కారణాల జాబితాలో వదిలేసిన టెర్మినల్ సెషన్లను మైక్రోసాఫ్టే చేర్చింది.

హ్యాకర్ భయం ఉత్తదేమీ కాదు. సర్వర్‌లో 'సిస్టమ్' స్థాయి అధికారం చేజిక్కించుకున్నవాడు ఇందాక చెప్పిన టీఎస్‌కాన్ ఆదేశంతోనే వేరొకరి డిస్క్ సెషన్‌లోకి, పాస్‌వర్డు అడక్కుండా నేరుగా వెళ్లి కూర్చోగలడని అలెగ్జాండర్ కోర్జ్‌నికోవ్ అనే పరిశోధకుడు 2017లో చూపించాడు. మెమరీలోంచి పాస్‌వర్డులు లాగే మిమికాట్జ్ అనే ప్రోగ్రాము సృష్టికర్త బెంజమిన్ డెల్పీ 2011లోనే ఈ సంగతి బయటపెట్టాడు. అప్పటికే అంత అధికారం ఉన్నవాడు ఏమైనా చేయగలడు కదా అన్నది దీనికి వచ్చే జవాబు. నిజమే. కానీ మామూలు సర్వర్ అడ్మిన్‌కు దొరికిన సెషన్ మొత్తం డొమైన్‌ను ఏలే పెద్ద అడ్మిన్‌దైతే? ఆయన లాగాఫ్ అయి ఉంటే అక్కడ దొరకడానికి సెషనే ఉండదు.

ఎప్పుడు ముగించాలన్న నిర్ణయాన్ని విండోస్ మన చేతికే వదిలేసింది. ఏమీ మార్చకపోతే డిస్క్ సెషన్ సర్వర్ రీస్టార్ట్ అయ్యేదాకా అలాగే ఉంటుంది. గ్రూప్ పాలసీలో సెషన్ గడువుల భాగానికి వెళ్తే డిస్‌కనెక్ట్ అయినవాటికి ఒక నిమిషం నుంచి ఐదు రోజుల దాకా గడువు ఎంచుకోవచ్చు. లాగిన్ అయి ఉండీ ఖాళీగా కూర్చున్నవాళ్లకు ఇంకో గడువు ఉంది. చిక్కంతా దీనితోనే. ఖాళీ అంటే సర్వర్ దృష్టిలో కీబోర్డు, మౌస్ కదలకపోవడమే. మూడు గంటల రిపోర్టు నడిపించి కళ్లప్పగించి చూస్తున్నవాడూ, ఫైలు తెరిచి భోజనానికి పోయినవాడూ దానికి ఒక్కటే. ఈ గడువు తీరేముందు రెండు నిమిషాల హెచ్చరిక వస్తుంది. మౌస్ కదిపితే చాలు, గండం గడుస్తుంది. తీరినా మామూలుగా డిస్‌కనెక్టే అవుతుంది. 'గడువు తీరితే సెషన్ ముగించు' అన్న ఇంకో పాలసీ కూడా ఆన్ చేస్తేనే లాగాఫ్ దాకా పోతుంది. డిస్క్ సెషన్ గడువు తీరినప్పుడు హెచ్చరిక ఏదీ ఉండదు. ఎవరికి చూపించాలి? సేవ్ చేయని ఎక్సెల్ అక్కడితో సరి.

నా వరకు ఆడిటర్ ఆఫీసు లాంటి చోట ఖాళీగా ఉన్నవాళ్లను రెండు గంటలకు డిస్‌కనెక్ట్ చేసి, డిస్‌కనెక్ట్ అయినవాళ్లను ఎనిమిది గంటలకో పన్నెండు గంటలకో లాగాఫ్ చేయడం సబబు. సాయంత్రం కరెంటు పోయినా రాత్రికి పని దొరుకుతుంది, శుక్రవారం వదిలేసింది శనివారం పొద్దుటికల్లా పోతుంది. పదిహేను నిమిషాలకే లాగాఫ్ పెట్టిన చోట్ల జనం మౌస్ కదిపే యాప్‌లు వెతుక్కుంటారు. అప్పుడు ఏ గడువూ పనిచేయదు. అడ్మిన్ ఖాతాలకు మాత్రం ఈ ఉదారత అక్కర్లేదు, గంట చాలు.

ఈ తగువు విండోస్‌కే పరిమితం కాదు. 2016లో లైనక్స్‌లో సర్వీసులనూ లాగిన్లనూ చూసుకునే సిస్టమ్‌డీ 230వ విడుదలలో ఒక చిన్న అమరిక మార్చారు: మనిషి లాగౌట్ అయితే అతని ప్రాసెస్‌లన్నీ చంపేయాలని. తర్కం సరైనదే. వెళ్లిపోయినవాడి పేరు మీద యంత్రంలో ఏమీ మిగలకూడదు. కానీ ఆ దెబ్బకు స్క్రీన్, టీమక్స్‌లలో దాచుకున్న పనులు కూడా పోవడంతో పెద్ద దుమారం రేగింది. డెబియన్ వాళ్లు తమ పంపిణీలో ఆ అమరికను వెనక్కి తిప్పేశారు. వెళ్లడమంటే ముగించడమేనని రాసినవాళ్లు అనుకున్నారు, తిరిగి రావడానికే వెళ్తామని వాడేవాళ్లు అన్నారు.

క్లౌడ్ వచ్చాక ఈ లెక్కలోకి అద్దె కూడా చేరింది. అజూర్‌లో వర్చువల్ డెస్క్‌టాప్ యంత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ బిల్లు నడుస్తుంది. అందుకే అక్కడ ఆటోస్కేల్ పథకంలో, రద్దీ తగ్గే వేళకు మిగిలిపోయినవాళ్లకు ఒక సందేశం చూపించి, కొంత వ్యవధి ఇచ్చి, బలవంతంగా సైన్ అవుట్ చేయించి యంత్రాన్ని ఆపేసే ఏర్పాటు పెట్టారు. ఒక్కరికే కేటాయించిన డెస్క్‌టాప్‌లకైతే మూడో దారి కూడా ఉంది. మనిషి డిస్‌కనెక్ట్ అయిన కొన్ని నిమిషాలకు యంత్రం మొత్తాన్ని హైబర్నేట్ చేస్తారు. మెమరీలో ఉన్నదంతా డిస్కు మీదికి దిగుతుంది, ప్రాసెసర్ అద్దె ఆగుతుంది, డిస్కు అద్దె మాత్రం మిగులుతుంది. పొద్దున్న లాగిన్ అయితే సగం రాసిన వాక్యం సగంలోనే ఎదురుచూస్తుంది. ఇక్కడ మాత్రం సెషన్ నిజంగానే నిద్రపోయింది. కాబట్టి ఎక్సెల్ మాక్రో కూడా రాత్రి కదలదు. పైగా అవతల వేరే యంత్రంలో ఉన్న డేటాబేస్ సర్వర్ మన నిద్ర సంగతి ఎరగదు. అది ఎంతసేపు చూడాలో అంతసేపు చూసి, జవాబు రాకపోతే తన వైపు కనెక్షన్ మూసేసుకుంటుంది. పొద్దున్న అకౌంటింగ్ ప్రోగ్రాము కిటికీ తెర మీద చెక్కుచెదరకుండా ఉన్నా మొదటి ఎంట్రీ సేవ్ కొట్టగానే కనెక్షన్ పోయిందనే సందేశమే రావచ్చు.